ఒక్క దెబ్బకు నలభై ఏళ్ల శిక్ష, ఐదువందల కోట్ల ప్రాణాలకు మాఫీ: కామిక్స్‌లో ఇదేం లెక్క?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సినిమాలు చూసి ఈమధ్యే మార్వెల్, డీసీ కామిక్స్ చదవడం మొదలుపెట్టారు. మొదటి యాంట్‌మ్యాన్ హ్యాంక్ పిమ్ పేరు ఎత్తితే చాలు, అందరూ "పెళ్లాన్ని కొట్టినవాడు" అంటున్నారు. ఎక్స్‌మెన్ జట్టులోని జీన్ గ్రే ఒక లోకాన్నే బూడిద చేసినా, గ్రీన్ లాంటర్న్ హాల్ జోర్డాన్ తోటివాళ్ల ప్రాణాలు తీసినా, ఇద్దరూ ఇప్పటికీ హీరోలే. ఇదేం న్యాయం? పైగా ఇలాంటి కథలు చాలావాటికి ముగింపు ఎందుకు ఉండదు?

సూటిగా చెప్తాను. తప్పు ఎంత పెద్దదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ హీరో పుస్తకం ఎంత అమ్ముడుపోతుందన్నదే వస్తుంది. అమ్ముడుపోయేవాడి తప్పును ఎప్పటికైనా ఎవరో ఒకరు వచ్చి కడిగేస్తారు. అమ్ముడుపోనివాడికి ఆ తప్పే ఇంటిపేరు అయిపోతుంది. ఇక ముగింపు సంగతి అంటారా, కథ మొదలుపెట్టినవాడు మధ్యలోనే వెళ్లిపోతాడు, వచ్చినవాడికి ఆ కథ మీద ప్రేమ ఉండదు. అంతే.

ఈ మాట ఏ ధైర్యంతో అంటున్నానంటే, పాతికేళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్నాను. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత సంచికలతో మొదలైంది నా పిచ్చి. దానికి తోడు, పదకొండేళ్లు తెలుగు టీవీ సీరియల్స్‌కి కథ, స్క్రీన్‌ప్లే పని చేశాను. నవ్వకండి. నెలనెలా వచ్చే కామిక్, రోజూ వచ్చే సీరియల్ ఒకే జాతి. రెండింటికీ చివరి పేజీ ఉండదు. రెండింటిలోనూ రాసేవాళ్లు మారుతుంటారు, బొమ్మ మాత్రం కంపెనీదే.

ముందు హ్యాంక్ పిమ్ సంగతి. అది 1981లో వచ్చిన అవెంజర్స్ 213వ సంచిక. రాసింది జిమ్ షూటర్, గీసింది బాబ్ హాల్. హ్యాంక్ అప్పటికి యెల్లోజాకెట్ పేరుతో తిరుగుతున్నాడు. పోరాటం ఆపేయబోతున్న ఒక ప్రత్యర్థిని వెనకనుంచి కొట్టాడని తోటి అవెంజర్సే అతని మీద విచారణ పెట్టారు. పరువు నిలబెట్టుకోవడానికి అతను పన్నిన పథకం ఏంటంటే, తనే ఒక రోబోను తయారుచేసి విచారణ జరిగేచోట దాడి చేయిస్తాడు, దాని బలహీనత తనకొక్కడికే తెలుసు కాబట్టి తనే అందరినీ కాపాడినట్టు కనిపిస్తాడు. భార్య జానెట్ అది చూసి వద్దంటుంది. అప్పుడు పడింది దెబ్బ. మర్నాడు విచారణకు ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వస్తుంది. రోబో నిజంగానే అదుపు తప్పితే దాన్ని ఆపింది కూడా ఆమే.

షూటర్ చాలా ఏళ్ల తర్వాత, 2011లో, దీని గురించి రాసుకున్నాడు. విసుగుతో చేతులు విసిరినప్పుడు పొరపాటున తగిలినట్టు ఉండాలని తన ఉద్దేశమట. బాబ్ హాల్ దాన్ని పూర్తి బలంతో కొట్టినట్టు గీశాడట. మళ్లీ గీయించడానికి టైమ్ లేక అలాగే అచ్చుకి వెళ్లిందట. నేనైతే దీన్ని అనుమానించను. మా దగ్గరా ఇలాంటివి రోజూ జరిగేవి. పేపర్ మీద "కోపంగా చూస్తాడు" అని ఉంటుంది. సెట్లో డైరెక్టర్ చెంపదెబ్బ పెడతాడు. సాయంత్రానికి ఎడిటింగ్ అయిపోతుంది, మర్నాడు టెలికాస్ట్.

కానీ చదివినవాడికి కనిపించింది బొమ్మే కదా. రాసినవాడి మనసులో ఏముందో పేజీ మీద ఉండదు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో పుస్తకం పెడతాను. 1995, స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్ 226. క్లోన్ సాగా నడుస్తున్న రోజులు. నిజమైన పీటర్ పార్కర్ తను కాదని, తనే క్లోన్ అని తెలిసిన పీటర్ పిచ్చెత్తినట్టు చేతులు ఝాడిస్తాడు. ఆ దెబ్బ ఆపబోయిన భార్య మేరీ జేన్‌కు తగిలి ఆమె ఎగిరి పడుతుంది. అప్పుడామె కడుపుతో ఉంది. స్పైడర్‌మ్యాన్ బలం ఎంతో మీకు తెలుసు.

ఈ సంగతి మీరెప్పుడైనా విన్నారా? వినలేదు. నేను అడిగినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది వినలేదు. అదే దెబ్బ, ఇక్కడా భార్యాభర్తలే, ఇంకా ఎక్కువ బలం. ఒకడికి బతుకంతా మచ్చ, ఇంకొకడికి మర్చిపోయిన ఒక పేజీ.

తేడా ఎక్కడుంది? పీటర్‌కు నెలకు మూడు నాలుగు పుస్తకాలు. ఆ దెబ్బ తర్వాత ఏటా కొన్ని వందల పేజీలు దాని మీద పడుతూ పోయాయి. పైగా ఏ ఎడిటరూ దాన్ని తవ్వనివ్వడు. హ్యాంక్‌కు సొంత పేరుతో ఏళ్ల తరబడి నడిచిన పుస్తకం ఎప్పుడూ లేదు. అరవైల మొదట్లో కొంతకాలం నడిచిన కథలు, తర్వాత గుంపులో గోవిందయ్య. అలాంటి పాత్ర చేతికొచ్చిన కొత్త రచయిత "ఇతని గురించి జనానికి ఏం గుర్తుంది?" అని చూస్తే రెండే కనిపిస్తాయి: అల్ట్రాన్ అనే విలన్ రోబోను తయారుచేశాడు, భార్యను కొట్టాడు. సినిమాల్లో అల్ట్రాన్ కూడా టోనీ స్టార్క్ ఖాతాలోకి వెళ్లిపోయింది, ఇక మిగిలింది ఒక్కటే. 2002లో మొదలైన అల్టిమేట్స్‌లో మార్క్ మిల్లర్ వేరే లోకపు హ్యాంక్‌ను రాసేటప్పుడు ఆ ఒక్కదాన్నే తీసుకుని పది రెట్లు చేశాడు. చిన్నగా మారిన జానెట్ మీదికి చీమల్ని పంపుతాడు అందులో. చదవలేక పక్కన పెట్టేశాను.

ఇంకో కారణం కూడా ఉంది, అమ్మకాలతో సంబంధం లేనిది. జీన్ గ్రే డార్క్ ఫీనిక్స్‌గా మారి ఒక నక్షత్రాన్ని మింగినప్పుడు దాని చుట్టూ తిరుగుతున్న డి'బారి గ్రహంలో 500 కోట్ల మంది చచ్చిపోయారు. 1980, ఎక్స్‌మెన్ 135. వాళ్లెవరు? కూరగాయల్లాంటి తలలున్న గ్రహాంతరవాసులు. మనకు వాళ్లలో ఎవరి పేరూ తెలియదు. 500 కోట్లు అనేది అంకె. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆఫీసుకి వచ్చిన ఆడమనిషి అంకె కాదు, మన వీధిలో మనం చూసిన మనిషి.

అయినా షూటర్‌ను ఇక్కడ మెచ్చుకోవాలి. అప్పుడు మార్వెల్ ఎడిటర్-ఇన్-చీఫ్ అతనే. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ మొదట తయారుచేసిన ముగింపులో జీన్ శక్తులు పోగొట్టుకుని మామూలు మనిషిగా బతికిపోతుంది. అన్ని కోట్ల మందిని చంపినదాన్ని ఇంటికి ఎలా పంపిస్తారు, శిక్ష ఉండాల్సిందే అని షూటర్ పట్టుబట్టాడు. అలా 137వ సంచికలో జీన్ చనిపోయింది. పాత ముగింపును 1984లో విడిగా అచ్చేశారు కూడా, దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చావుతో ఉన్నదే గొప్ప కథ. అందులో జీన్ తన తప్పుకు తనే బాధ్యత తీసుకుంటుంది.

ఆరేళ్లకు ఏమైంది? 1986లో పాత ఎక్స్‌మెన్ ఐదుగురితో ఎక్స్‌ఫ్యాక్టర్ అనే కొత్త పుస్తకం పెట్టాలనుకున్నారు. జీన్ కావాలి. కానీ ఆమె హంతకురాలు. అందుకని న్యూయార్క్ జమైకా బే నీళ్లడుగున ఒక గూడులో అసలు జీన్ నిద్రపోతూ దొరికింది. ఆ చంపింది, చచ్చింది ఈమె కాదు, ఈమె రూపం తొడుక్కున్న ఫీనిక్స్ శక్తి అన్నారు. దీన్నే వాళ్లు రెట్‌కాన్ అంటారు: జరిగిపోయిన కథను వెనక్కి వెళ్లి మార్చి చెప్పడం.

నా దృష్టిలో రెట్‌కాన్ క్షమాపణ కాదు. కేసు ఫైలు మాయం చేయడం. క్షమించాలంటే తప్పు చేసినవాడు ఎదురుగా ఉండాలి కదా. ఇక్కడ ఆ మనిషే లేకుండా పోయింది.

అసలు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఆ ఎక్స్‌ఫ్యాక్టర్ చేసిన ఇంకో పని గురించి. జీన్ పోయాక ఆమె ప్రియుడు స్కాట్ (సైక్లాప్స్) మ్యాడెలిన్ ప్రయర్ అనే పైలట్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1983లో పెళ్లి, తర్వాత ఒక కొడుకు. స్కాట్‌ను ఉద్యోగ విరమణ చేసిన గృహస్థుగా వదిలేయాలని క్లేర్‌మాంట్ అనుకున్నాడు. కొత్త పుస్తకానికి స్కాట్ కావాల్సి వచ్చింది. దాంతో జీన్ బతికే ఉందని ఫోన్ రాగానే, మన హీరో భార్యను, పసిబిడ్డను వదిలేసి వెళ్లిపోయాడు. ఏ విలనూ బలవంతం చేయలేదు, మత్తుమందు లేదు, పరాయి శక్తి లేదు. సంచీ సర్దుకున్నాడు, వెళ్లాడు.

చదివినవాళ్లు భగ్గుమన్నారు. ఇప్పుడు ఎడిటర్లకు సమస్య: హీరో తప్పు చేశాడు, హీరోను పోగొట్టుకోలేరు. వాళ్లు ఏం చేశారో చూడండి. హీరోను ఏమీ అనలేదు, భార్యను మార్చేశారు. మ్యాడెలిన్ అసలు మామూలు మనిషే కాదట, మిస్టర్ సినిస్టర్ అనేవాడు తయారుచేసిన జీన్ క్లోనట. తర్వాత దయ్యాలతో చేతులు కలిపి గోబ్లిన్ క్వీన్ అయ్యి, కన్నకొడుకునే బలివ్వబోయి, 1989లో ఇన్‌ఫెర్నో కథలో చచ్చిపోయింది. ఇప్పుడు చెప్పండి, అలాంటిదాన్ని వదిలేసిన మొగుడిది తప్పెలా అవుతుంది?

ఇది చదివిన రోజు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అదే పని నేను చేశాను. పేరు చెప్పను, ఒక చానెల్లో ఒక సీరియల్. హీరో అనుమానంతో భార్యను ఇంట్లోంచి గెంటేసే సీన్ రాశాం. ఆ వారం రేటింగ్ బాగా లేచింది. కానీ తర్వాత ఆడవాళ్లు హీరోను తిట్టడం మొదలుపెట్టారు, హీరో ముఖం చూస్తే చానెల్ మార్చేస్తున్నారని పైనుంచి టెన్షన్. పరిష్కారం ఒక్క మధ్యాహ్నంలో దొరికింది. ఆ రోజు కాఫీలో మేనత్త ఏదో పొడి కలిపిందని పెట్టాం. హీరో ఏడ్చాడు, భార్య కళ్లు తుడిచింది, అయిపోయింది. ఆ భార్య పాత్ర వేసిన అమ్మాయి మాత్రం నన్ను అడిగింది: "సార్, మరి నేను మూడు నెలలు గుడి మెట్ల మీద పడుకున్నానుగా, దాని గురించి ఒక్క డైలాగ్ కూడా లేదా?" లేదు. రాయలేదు.

మ్యాడెలిన్‌కు కూడా చాలా ఏళ్లు ఆ డైలాగ్ రాయలేదు. 2022–23లో వచ్చిన డార్క్ వెబ్ కథలో ఆమెను మళ్లీ తెచ్చారు. చివర్లో ఆ కొడుకును పెంచిన తన జ్ఞాపకాలను జీన్ ఆమెతో పంచుకుంటుంది. బాగా రాశారు. కానీ గమనించండి, బాకీ తీర్చింది జీన్. వదిలేసి వెళ్లిన స్కాట్ కాదు.

హాల్ జోర్డాన్ కేసు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే కథ వేరైనా పొడి అదే. అతని ఊరు కోస్ట్ సిటీ 70 లక్షల మందితో సహా నాశనమైంది. దుఃఖంతో మతి తప్పి, 1994లో తోటి గ్రీన్ లాంటర్న్‌ల (ఉంగరంతో శక్తి వచ్చే అంతరిక్ష కాపలాదారులు) మీద పడి ఉంగరాలు లాక్కున్నాడు, కిలోవాగ్‌ను చంపాడు, పారలాక్స్ అనే విలన్ అయ్యాడు. ఇది రాన్ మార్జ్ రాసింది. ఫ్యాన్స్ ఒప్పుకోలేదు, హాల్ తిరిగి రావాలని సంఘమే పెట్టుకున్నారు. 1996లో సూర్యుణ్ని మళ్లీ వెలిగించి ప్రాణం ఇచ్చాడు. నాకైతే అక్కడితో సరిపోయింది. కాదు, 2004లో జెఫ్ జాన్స్ వచ్చి పారలాక్స్ అంటే హాల్ కాదు, అతని లోపల దూరిన భయమనే పసుపు పురుగు అన్నాడు. అమ్మకాలు అదిరిపోయాయి. కథగా కూడా సరదాగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఊరు మొత్తం పోతే మనిషి ఏమైపోతాడు అన్న ప్రశ్న ఉంది చూశారా, అది పురుగు నోట్లోకి పోయింది.

"మన పురాణాల్లో కూడా ఇంతేగా" అని కింద ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తాను. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవులను చంపబోయే ముందు సాక్షాత్తు శివుడే అతని శరీరంలో ప్రవేశిస్తాడు. పారలాక్స్ కంటే పెద్ద సాకు అది! అయినా ఎవరూ దాన్ని సాకుగా వాడలేదు. ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుని వాడి తలలో మణి తెమ్మంది. మణీ పోయింది, శాపమూ తగిలింది.

ఇక ముగింపు లేని కథలు. ఇవి రెండు రకాలు, కలిపేయకండి.

మొదటిది, రచయిత మారడం వల్ల చెడిపోయేది. 1983లో రోజర్ స్టెర్న్ హాబ్‌గాబ్లిన్ అనే ముసుగు విలన్‌ను తెచ్చాడు. ముసుగు వెనక ఎవరన్నది చెప్పకుండానే స్పైడర్‌మ్యాన్ పుస్తకం వదిలి వెళ్లాడు. తర్వాతివాళ్లు తలో దారి లాగి, 1987లో అతను నెడ్ లీడ్స్ అన్నారు, అదీ లీడ్స్ చచ్చాక. ఎవరికీ మింగుడుపడలేదు. 1997లో స్టెర్న్‌నే పిలిచి రాయిస్తే, తను మొదట అనుకున్న రోడరిక్ కింగ్స్‌లీ పేరు బయటపెట్టాడు. పద్నాలుగేళ్లు! అయినా తీరింది, సంతోషం.

రెండోది, కావాలని వదిలేసేది. ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇందాక చెప్పిన మేరీ జేన్ కడుపులోని బిడ్డ గుర్తుందా? 1996లో, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 418లో, పాప చనిపోయి పుట్టిందన్నారు. కానీ స్పైడర్‌మ్యాన్ పాత శత్రువు నార్మన్ ఆస్బోర్న్ మనిషి, అలిసన్ మాన్‌గ్రెయిన్ అనే ఆవిడ, ఏదో చేతుల్లో పెట్టుకుని వెళ్లినట్టు కూడా చూపించారు. పాప బతికే ఉందా? మనం రెండేళ్లు ఎదురుచూశాం. తీరా "మే బతికే ఉంది" అని తేలితే, ఆ మే పాప కాదు, చనిపోయిందనుకున్న మే అత్త! పాప పేరు కూడా మే అనే పెట్టాలనుకున్నారు లెండి, ఆ పేరుతో మనల్ని ఆడుకున్నారు. అంతే, పాప ఊసు అక్కడితో ఆగిపోయింది.

ఎందుకు? స్పైడర్‌మ్యాన్ తండ్రి అయితే వయసు మీదపడ్డట్టు ఉంటుందని ఎడిటర్ల భయం. అదే భయం 2007లో దయ్యంతో బేరం పెట్టించి అతని పెళ్లినే చెరిపేసింది. బిడ్డ చనిపోయిందని గట్టిగా చెప్తే హీరో కథ మరీ విషాదం, బతికుందంటే హీరో వెళ్లి తెచ్చుకోవాలి. ఏదీ చెప్పకపోతే ఏ గొడవా లేదు. మా సీరియల్లో ఒక మరదలు మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లింది. ఆ నటికి, ప్రొడక్షన్‌కు డబ్బు దగ్గర చెడింది. ఆ మరదలు ఇప్పటికీ కిందికి దిగలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా.

పాప బతికి తండ్రి దగ్గరికి చేరితే ఎలా ఉంటుందో టామ్ డిఫాల్కో, రాన్ ఫ్రెంజ్ 1998లో వేరే లోకం కథగా రాశారు. అదే స్పైడర్‌గర్ల్. అసలు పుస్తకం ఇవ్వని ముగింపును పక్క పుస్తకం ఇచ్చింది.

అన్నీ ఇలాగే ఉంటాయా అంటే, లేదు. మీరు కొత్తగా చదువుతున్నారు కాబట్టి తప్పును కడగకుండా మోసిన కథలు రెండు చెప్తాను.

ఒకటి, సూపర్‌మ్యాన్ 22, 1988. జాన్ బర్న్ రాసి గీసినది. ఒక వేరే లోకంలో భూమిని మొత్తం చంపేసిన ముగ్గురు క్రిప్టాన్ నేరస్థులను సూపర్‌మ్యాన్ క్రిప్టోనైట్‌తో తనే చంపుతాడు. అప్పటికే వాళ్ల శక్తులు పోయాయి, కాళ్ల మీద పడుతున్నారు. బర్న్ ఆ తర్వాత పుస్తకం వదిలి వెళ్లాడు. ఇక్కడ తర్వాతివాళ్లు ఏ పురుగునూ తేలేదు. సూపర్‌మ్యాన్‌కు మతి చెదిరి, రాత్రిళ్లు తనకు తెలియకుండానే ఇంకో ముసుగు వేసుకుని తిరుగుతాడు. తను ప్రమాదకరమని తెలిసి భూమినే వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. నెలల తరబడి నడిపారు దాన్ని.

రెండోది, కరోల్ డాన్వర్స్ (సినిమాల్లో కెప్టెన్ మార్వెల్). 1980, అవెంజర్స్ 200. మార్కస్ అనేవాడు యంత్రాలతో ఆమె మనసు మార్చి, గర్భవతిని చేసి, చివరికి తనతో తీసుకుపోతుంటే, అవెంజర్స్ చిరునవ్వుతో సాగనంపుతారు. హీరోలు చేసిన క్షమించరాని పని అంటే నా లెక్కలో ఇది మొదటి వరుసలో ఉంటుంది, ఎందుకంటే వాళ్లు చేసింది చూస్తూ నిలబడటమే. అంతకుముందు కరోల్ పుస్తకం రాసిన క్లేర్‌మాంట్‌కు ఒళ్లు మండింది. మరుసటి ఏడాది అవెంజర్స్ యాన్యువల్ 10లో ఆమెను వెనక్కి తెచ్చి, అవెంజర్స్ అందరినీ ఎదురుగా నిలబెట్టి, ఆమె చేతే అడిగించాడు. ఏ ఒక్కరి దగ్గరా జవాబు ఉండదు. ఆమె వాళ్లతో తిరిగి వెళ్లదు. జరిగినదాన్ని చెరపలేదు, మార్చలేదు. బాధపడ్డ మనిషికి నాలుగు పేజీలు ఇచ్చాడు. దేన్నైనా "తీరిన కథ" అనాలంటే నేను చూసేది ఇదొక్కటే: దెబ్బ తిన్నవాళ్లకు మాట్లాడే వంతు వచ్చిందా లేదా.

ఆ లెక్కన చూస్తే హ్యాంక్ పిమ్ కథ మీరనుకున్నంత అన్యాయంగా నడవలేదు. జానెట్ అతనికి విడాకులిచ్చింది, తర్వాత తనే అవెంజర్స్‌కు నాయకురాలైంది. హ్యాంక్ జైలుకెళ్లాడు (అది చేయని నేరానికి), 1987లో వెస్ట్ కోస్ట్ అవెంజర్స్‌లో ఆత్మహత్య అంచు దాకా వెళ్లి, ఫైర్‌బర్డ్ ఆపితే ఆగాడు. అతని లోపల పురుగు ఉందని మాత్రం ఆ కథల్లో ఎవరూ అనలేదు. జనం తిట్టేది ఒక్క బొమ్మ చూసి. ఆ తర్వాతి ఆరేళ్ల సంచికలు చదివినవాళ్లు తక్కువ.

మీరు చదవాలనుకుంటే 213తో ఆపకండి. కనీసం 230 దాకా వెళ్లండి, ఇప్పుడు డిజిటల్‌లో అన్నీ వరసగా దొరుకుతున్నాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు 213 పది రూపాయలకు దొరికింది. 214 దొరకడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ నేనూ అతన్ని తిడుతూనే ఉన్నాను.